బెజవాడ దాకా వచ్చి ఫ్రైడ్ రైస్ ఎందుకు తింటున్నారు?

(విజయవాడలో హోటళ్ళవాళ్ళు, వంటమాస్టర్లు, టూరిస్టు గైడ్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇండోర్ నుంచో నాగపూర్ నుంచో ఒక కుటుంబం వచ్చిందనుకోండి. పొద్దున్నే ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారి దర్శనం చేసుకున్నారు. సాయంత్రం ఉండవల్లి గుహలు, రాత్రికి రైలు. మధ్యాహ్నం మీ హోటల్లో కూర్చున్నారు. మెనూ కార్డు అటు తిప్పారు, ఇటు తిప్పారు, పక్క టేబుల్ మీది విస్తరి వైపు ఓ చూపు చూశారు. ఐదు నిమిషాలయ్యాక వెజ్ ఫ్రైడ్ రైసు, పనీర్ బటర్ మసాలా చెప్పారు. సర్వరు వంటింట్లోకొచ్చి అంటాడు, "వీళ్ళకి మన తిండి ఎక్కదండీ" అని.

ఎక్కకపోవడం కాదది. పక్క విస్తరి వైపు చూశారు కదా, సంగతంతా అక్కడే ఉంది. తినాలనే ఉంది, ధైర్యం చాల్లేదు. ఆ ఐదు నిమిషాల్లో వాళ్ళని వెనక్కి లాగిందేమిటో ఇవాళ చూద్దాం.

మనిషి అన్నీ తినే ప్రాణి. కాబట్టి కొత్తది తినాలనే కోరికా ఉంటుంది, కొత్తదంటే భయమూ ఉంటుంది. ఆ భయాన్ని కొలవడానికి 1992లో ప్లైనర్, హాబ్డెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కొలబద్ద తయారుచేశారు. పది వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. అందులో ఏముందో తెలియకపోతే నేను తినను, అనే ధోరణి వాక్యాలు సగం. కొత్త వంటలంటే నాకిష్టం, అనే ధోరణివి సగం. 2004లో కోహెన్, అవీలీ అనే ఇద్దరు పర్యాటకుల విషయంలో ఇదే మాటని ఇంకాస్త గట్టిగా చెప్పారు: స్థానికమైన తిండి పర్యాటకుణ్ణి రప్పించేదీ అదే, అడ్డుపడేదీ అదే. 2012లో మాక్, మరో ముగ్గురు కలిసి పర్యాటకుడి తిండి మీద పడే ప్రభావాలన్నిటినీ ఐదు గుంపులు చేశారు. సంస్కృతీ మతమూ ఒకటి, వయసూ చదువూ ఆదాయమూ ఒకటి, మనిషి స్వభావం ఒకటి, ఇదివరకు తిన్న అనుభవం ఒకటి, ఏ ఉద్దేశంతో వచ్చాడన్నది ఒకటి. ఇందులో వచ్చినవాళ్ళ వయసూ చదువూ మీ చేతుల్లో లేవు, వాటిని వదిలేయండి. మిగతావి చాలావరకు మీ చేతుల్లోనే ఉన్నాయి.

మంగళగిరి చూడండి. కొండమీద పానకాల నరసింహస్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తారు. సగం స్వామి తీసుకుని మిగతా సగం భక్తులకి వదులుతాడని నమ్మకం. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీళ్ళే కదా అది. రోడ్డు పక్కన బిందెలో పెట్టి అమ్మితే బయటి రాష్ట్రంవాడు ముట్టుకోడు. అక్కడ మాత్రం కళ్ళకద్దుకుని తాగుతాడు. ప్రసాదం కాబట్టి, నిజమే. కానీ ఇంకో మూడు సంగతులున్నాయి. కొంచెమే పోస్తారు. అదేమిటో, ఎందుకో ముందే కథగా విని ఉంటాడు. ముందున్న వంద మంది తాగడం కళ్ళారా చూస్తాడు. రుచి ఒక్క పిసరు కూడా మార్చలేదు ఎవరూ. మీ హోటల్లోనూ ఈ మూడూ చేయొచ్చు.

ముందు పేరు సంగతి. కార్డు మీద "గోంగూర పచ్చడి" అని హిందీలోనో ఇంగ్లీషులోనో అక్షరాలు మార్చి రాస్తే అది పేరే గానీ సమాచారం కాదు. అసలు గోంగూర సగం మందికి కొత్తదే కాదు, ఆ పేరు కొత్త. మహారాష్ట్రవాళ్ళు అంబాడీ అంటారు. ఉత్తర కర్ణాటకలో పుండి. తమిళులకి పుళిచ్చ కీరై. బర్మావాళ్ళు చిన్ బాంగ్ అని రోజూ వండుకునే కూర ఇదే. సర్వరు "ఇది మీ అంబాడీయే" అన్నాడంటే నాగపూర్ ఆవిడ ముఖం విప్పారుతుంది. ఉలవచారుకీ ఇంతే. హిందీలో ఉలవలు కుల్థీ, కన్నడంలో హురళి, తమిళంలో కొళ్ళు. పెసరట్టుని మూంగ్ చీలా అక్క అనండి, చాలు. గుజరాతీలకి దిబ్బరొట్టె చూపించి హాండ్వో గుర్తొస్తోందా అని అడగండి. తెలిసిన దాని మీదుగా నడిపిస్తే కొత్తదానికి సులువుగా వస్తారు. గాంధీనగర్ బాబాయి హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసిస్తారు చూడండి, ఇడ్లీ అందరికీ తెలిసినదే, వెన్నా కారప్పొడీ కొత్త. విస్తట్లో ఒకటి తెలిసింది, ఒకటి తెలియంది ఉండాలి. అన్నీ తెలియనివే పెడితే కార్డు మూసేస్తారు.

పచ్చడి అన్న మాటతోనే ఇంకో చిక్కుంది. ఉత్తరాదివాళ్ళ మనసులో చట్నీ అంటే సమోసాలో అద్దుకునేది. కాబట్టి గోంగూర పచ్చడి ముందు పెడితే చెంచాతో తీసుకుని నేరుగా నోట్లో పెట్టుకుంటారు. ఉప్పు, పులుపు, కారం మూడూ అన్నానికి సరిపడా వేసిన పదార్థమది. వట్టిది నాలుక మీద పడితే కళ్ళల్లో నీళ్ళొస్తాయి. మళ్ళీ చేయి దాని వైపు పోదు. తప్పు పచ్చడిదీ కాదు, తిన్నవాడిదీ కాదు. వడ్డించి వెళ్ళిపోయినవాడిది.

దీన్నెలా పెట్టాలో దగ్గరగా చూద్దాం. మొదటి ముద్దకి అన్నం గుప్పెడే, అరవై డెబ్భై గ్రాములు మించకూడదు. పొగలొస్తూ ఉండాలి. చల్లారిన అన్నంలో పచ్చడి ఉండకడుతుంది, ఒక ముద్దలో ఏమీ లేక, ఇంకో ముద్దలో అంతా తగులుతుంది. పచ్చడి ఒక టీ చెంచా. నెయ్యి ఇంకో టీ చెంచా, ముందు నెయ్యి వేసి తర్వాత పచ్చడి. ఎర్రగా మెతుకు మెతుక్కీ పట్టేదాకా కలిపించండి. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క. ఆ ఒక్క ముద్దా సర్వరు దగ్గరుండి చెప్పి తినిపించాలి. రెండో ముద్దకి వాళ్ళే అడుగుతారు.

పచ్చడి కూడా సరిగ్గా ఉండాలనుకోండి. ఎర్ర కాడ గోంగూరకి పులుపెక్కువ, తెల్ల గోంగూరకి తక్కువ. రెండూ ఒకే కొలతతో చేస్తే ఓ రోజు పుల్లగా, ఓ రోజు చప్పగా వస్తుంది. ఆకు కడిగాక గుడ్డ మీద నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాకే నూనెలో వేయండి. ఆకుపచ్చ రంగు పోయి ముదురు గోధుమ రంగుకొచ్చి, దగ్గరపడి, నూనె అంచుల్లో తేలేదాకా వేయించాలి. తొందరపడితే తడి మిగిలి, మూడో రోజుకి బూజు. అల్యూమినియం మూకుడు వద్దు, పులుపు లోహాన్ని తింటుంది, పచ్చడి కనరు వాసనొస్తుంది. పర్యాటకులకని పంచదార వేసే పద్ధతి ఒకటి ఈమధ్య మొదలైంది. దయచేసి మానేయండి. అది గోంగూరా కాదు, జామూ కాదు.

ఇప్పుడు కారం. మన మీద అందరికీ ఉన్న భయం ఇదే. ఢిల్లీ ఆంధ్రాభవన్ క్యాంటీన్లోనో బెంగళూరు ఆంధ్రా మెస్సులోనో ఓసారి తిని వచ్చినవాళ్ళు ధైర్యంగా అడుగుతారు, తిననివాళ్ళు విన్నదాంతోనే జడుసుకుంటారు. ఇదివరకటి అనుభవం అంటే ఇదే.

కారం రుచి కాదండీ, మంట. నాలుకలో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటుంది, పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది మేలుకుంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్నే తట్టి లేపుతుంది. దీన్ని కనుక్కున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో మరొకరితో కలిపి వైద్య నోబెల్ ఇచ్చారు. మనకి దీంతో పనేమిటంటే, వేడీ కారమూ కలిసి ఒకే తలుపు కొడతాయి. సలసలా కాగుతున్న పులుసు నోట్లో పడితే అదే పులుసు కాస్త ఆరాక ఉన్నదానికంటే ఎక్కువ మండుతుంది. అందుకని చల్లారబెట్టి ఉంచమని కాదు. వంటింట్లో 60 డిగ్రీల పైనే ఉండాలి. గిన్నెలో పోసి టేబుల్ మీద పెట్టాక రెండు నిమిషాలు ఆగమనండి, అంతే.

క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. మండుతుంటే సర్వరు పరుగెత్తుకెళ్ళి చల్లటి గ్లాసు తెస్తాడు. ఆ చల్లదనం ఉన్నంతసేపే ఉపశమనం. కొవ్వులో కరుగుతుంది, పాలల్లోని కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాక్కుపోతుంది. కాబట్టి గడ్డపెరుగు. నీళ్ళ మజ్జిగ అంత పనిచేయదు. మన వరసలో పెరుగు ఆఖర్న వస్తుంది. కొత్తవాళ్ళకి మాత్రం ఓ చిన్న కప్పు మొదట్లోనే పెట్టండి. అది కనిపిస్తుంటేనే సగం భయం పోతుంది.

ఇక సరుకు, అంటే మిరపకాయ. ఘాటుని కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం రకం 35,000 నుంచి 40,000 యూనిట్లు. తేజ దానికంటే చాలా ఎక్కువ. కర్ణాటక బ్యాడిగికి రంగెక్కువ, కారం తక్కువ. గుంటూరు మిర్చి యార్డు పక్కనే ఉన్నాం కదా అని ఏ రోజు ఏ రకం చవగ్గా దొరికితే అది తెచ్చి పట్టించేస్తుంటారు. సోమవారం వేసిన మూడు చెంచాలూ గురువారం వేసిన మూడు చెంచాలూ ఒకటి కావు. సర్వరు "కారం మామూలేనండీ" అని మాటిస్తాడు, విస్తట్లో వేరేది పడుతుంది. నమ్మకం పోయేది అక్కడే. ఒకే రకం కాయ, తాలు ఏరేసి, ముచ్చికలు తీసి, నెలకోసారి ఒకే తడవ పట్టించుకోండి. మిరపకాయ బజ్జీకైతే ఇంకో మాట. కారమంతా గింజల్లో ఉంటుందనుకుంటాం, కాదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. నిలువుగా చీరి, ఆ ఈనె చెంచా తోకతో గీకి పారేసి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన శనగపిండి కూరితే పిల్లలు కూడా తింటారు. గింజలు దులిపేసి ఈనె వదిలేస్తే మీరు పడ్డ కష్టం వృథా.

కారం తర్వాత వడ్డన. మన భోజనానికో నడక ఉంది. కందిపొడి నెయ్యితో మొదలై, పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు. ఇళ్ళల్లో తేడాలుంటాయి, అది వేరే సంగతి. హడావుడి సమయంలో మనవాళ్ళు పన్నెండు గిన్నెలూ ఒక్కసారే పళ్ళెంలో పెట్టి తీసుకొచ్చి ముందు తోసేస్తారు. మనకి చేయి దానంతటదే వెళ్తుంది. కొత్తవాడు అన్నీ కలిపేస్తాడు. సాంబారులో పచ్చడి, దాంట్లో అప్పడం. పెరుగన్నంలో పులుసు. తిన్నాక "అంతా ఒకేలా ఉంది" అంటాడు. అతని దృష్టిలో నిజమే. కాబట్టి రెండు విడతలుగా పెట్టండి. మొదట పొడి, నెయ్యి, ముద్దపప్పు, ఆవకాయ, ఒక కూర. అవి సగం అయ్యాక పులుసు, చారు. ముద్దపప్పూ ఆవకాయా మొదటి విడతలో ఎందుకంటే, పప్పూ అన్నమూ దేశమంతా తెలుసు, ఆవకాయ కొత్త. ఇడ్లీ మీద వెన్న లెక్కే. చేత్తో తినమని బలవంతం వద్దు, చెంచా అడక్కుండానే పక్కన పెట్టండి. చూసి చూసి వాళ్ళే చేయి పెడతారు.

ఫుల్ మీల్స్ అన్న మాట కూడా చాలామందిని తరిమేస్తోంది. అంత తినలేం, వదిలేస్తే డబ్బు దండగ అనుకుంటారు. ఏడెనిమిది రకాలు, ఒక్కోటి రెండు చెంచాలు, అన్నం రెండు గుప్పెళ్ళు, ధర బోర్డు మీద. రుచి పళ్ళెమనో ఇంకోటనో పేరు పెట్టండి. నచ్చింది మళ్ళీ అడుగుతారు, అప్పుడు బిల్లు ఎలాగూ పెరుగుతుంది.

ఆచారాల దగ్గర మనం చేజేతులా పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. ఈ ఊరికొచ్చేవాళ్ళలో యాత్రికులే ఎక్కువ. ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఏముంది అని అడగ్గానే మనవాడు "ఏమీ లేదండీ, పెరుగన్నం తినండి" అంటాడు. మన గుళ్ళ వంటంతా ఉల్లి లేని వంటే కదా! పులిహోర, చక్రపొంగలి, దద్దోజనం, ముద్దపప్పు, మజ్జిగపులుసు, కొబ్బరి పచ్చడి. వీటికి ఉల్లి అక్కర్లేదు, ఇంగువ చాలు. గోంగూర కూడా వెల్లుల్లి వేయకుండా ఇంగువ తిరగమోతతో ఒక జాడీ విడిగా ఉంచండి. చెంచా కూడా విడిగా. జైనులకైతే దుంపలేవీ పనికిరావు, అల్లం కూడా. చాతుర్మాస్యంలో చాలామంది ఆకుకూరలు ముట్టరు, అప్పుడు గోంగూర చూపించకండి.

అమరావతి స్తూపం చూడ్డానికి శ్రీలంక, థాయ్‌లాండ్, బర్మాల నుంచి వచ్చే థేరవాద శాఖ బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే భోజనం చేయరు. మనం మీల్స్ బోర్డు బయట పెట్టేదే పన్నెండుకి! వాళ్ళు అరటిపళ్ళతో వెళ్ళిపోతుంటారు. బస్సు వస్తుందని ముందే తెలిస్తే పదిన్నరకల్లా అన్నం, పప్పు, రెండు కూరలు సిద్ధం చేయడం ఏ హోటలుకైనా కష్టం కాదు. చైనా, తైవాన్ వైపు నుంచి వచ్చే భిక్షువులు మాంసంతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అదే గుడి వంట వాళ్ళకీ సరిపోతుంది. గైడ్లు ఈ రెండు విషయాలూ రాసుకోండి.

విదేశీయుల్లో వేరుశనగ పడనివాళ్ళుంటారు, అది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. పల్లీ చట్నీ ఒక్కటే కాదు, వేయించిన నూనె ఏదో కూడా చెప్పగలగాలి. గోధుమ పడనివాళ్ళకి మన తిండి చాలావరకు అనుకూలమే, కానీ డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. డబ్బా వెనక చదివి చెప్పండి. తెలియకపోతే తెలియదనండి.

శుభ్రత గురించి ఉపన్యాసం అక్కర్లేదు, మీ అందరికీ ఫుడ్ లైసెన్సులున్నాయి. పర్యాటకుడు లైసెన్సు చూడడు. మూత చూస్తాడు, ఆవిరి చూస్తాడు, వడ్డించేవాడి గోళ్ళు చూస్తాడు, చేతులు కడుక్కునే చోట సబ్బుందా అని చూస్తాడు. ఆవిరి మీద ఉడికి నేరుగా పళ్ళెంలోకొచ్చే ఇడ్లీ అంత భద్రమైన టిఫిను ఇంకోటి లేదు. దాన్ని వెనక గదిలో కాదు, వాళ్ళ కళ్ళముందు వండండి. ప్రమాదమంతా పక్కనుండే కొబ్బరి చట్నీతో. వండినదేదీ బయట రెండు గంటలు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అన్నారంటే ఊరికే అన్నారా, మేలో ఇంకా తక్కువసేపు అనుకోండి. పొద్దున ఆరింటికి ఒకేసారి రుబ్బిన బకెట్టు చట్నీ పదింటికి పులిసిపోతుంది. గంటకోసారి కొద్దికొద్దిగా రుబ్బుకోండి. చింతపండూ బెల్లమూ పడ్డ అల్లం పచ్చడి అంతకంటే నిలుస్తుంది, పెసరట్టుకి జోడీ కూడా అదే. మజ్జిగలో ఏ నీళ్ళు పోశారన్నది వాళ్ళు అడగరు, తాగకుండా వదిలేస్తారు. క్యాను చూపిస్తూ కలపండి.

గైడ్లకి ఒక్క మాట. బస్సు దిగగానే "నార్త్ ఇండియన్ కావాలా, చైనీస్ కావాలా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నలో మన ఊరే లేదు. అలిసిపోయిన మనిషి ఇచ్చిన రెండింటిలో ఒకటి ఎంచుకుంటాడు. "పొద్దున్న ఇక్కడ పెసరట్టు ఉప్మా తింటామండీ, అందరికీ తలా సగం చెప్పనా?" అనండి. వద్దనుకున్నవాళ్ళు వద్దంటారు. దర్శనానికీ రైలుకీ మధ్య నలభై నిమిషాలే ఉందంటే మీల్స్ జోలికెళ్ళకండి, పునుగులైనా పులిహోర పొట్లమైనా ఇప్పించండి.

ఏమైనా అడుగుతారా?

(సభలోంచి: బయటివాళ్ళ కోసం కారం తగ్గించి విడిగా వండితే గొడవుండదు కదండీ?)

కూరల్లో ఓపికుంటే చేయండి. ఇగురులో సగం సన్నం, సగం బ్యాడిగి వేస్తే రంగు తగ్గదు, మంట తగ్గుతుంది. పచ్చళ్ళలో చేయకండి. ఆవకాయలో కారం, ఉప్పు, ఆవపిండి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబెడతాయి. ఒకటి తగ్గిస్తే రుచితో పాటు నిలవ కూడా పోతుంది. పచ్చడి అలాగే ఉంచి ముద్దలో పచ్చడి తగ్గించండి, నెయ్యి పెంచండి. ఇంకో సంగతి, పక్క టేబుల్ వాళ్ళకి పెట్టింది తనకి పెట్టలేదని తెలిస్తే పర్యాటకుడు నొచ్చుకుంటాడు. మీరు తినేది తినడానికే వచ్చాడతను.

(సభలోంచి: తిన్నాక ఆవకాయ కొనుక్కెళ్తామంటారు. గన్నవరం విమానాశ్రయంలో ఆపేస్తున్నారని వెనక్కి తెచ్చి ఇస్తున్నారు.)

చేతిసంచిలో పెట్టుకుంటే ఆపుతారు. అమ్మేటప్పుడే అడగండి, విమానమా రైలా అని. విమానమైతే పావుకిలో మించని డబ్బా, మూత మీద సీలు, దాని చుట్టూ రెండు కవర్లు, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య. డబ్బా అంచుదాకా నింపకండి, వేలెడు ఖాళీ వదలండి, లేకపోతే నూనె పైకొచ్చి కారుతుంది. తడి చెంచా పెట్టొద్దని చీటీ మీద హిందీలో, ఇంగ్లీషులో రాసి అంటించండి. ఆవకాయ వద్దన్నవాళ్ళకి కందిపొడి ఇవ్వండి. దాని చీటీ మీద రెండు ముక్కలు ఎక్కువ రాయాలి: వేడన్నం, నెయ్యి.